కథ వెల ఎవరు చెల్లించిరి?

యొర్దాను నదిని దాటిన పిమ్మట ఇశ్రాయేలీయులు నది నడుమనుండి 12 రాళ్లను మోసికొని వచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. రాబోవు దినములలో పిల్లలు వాటిని చూచి అడిగినప్పుడు పెద్దలు ఆ సంగతి చెప్పవలెనని యెహోషువ ఉద్దేశము. ఒక స్థలమును చూపి దాని వృత్తాంతమును బిడ్డలకు చెప్పుట దేవుని ప్రజలకు తగినదేయని దీనివలన తెలియుచున్నది. అయితే అదే పరిశుద్ధ గ్రంథములో పౌలు తిమోతికి వ్రాయుచు, పసలేని కట్టుకథల జోలికి పోవద్దని హెచ్చరించెను. ఒకచోట చెప్పుమని, మరియొకచోట విడువుమని ఉన్నది. ఈ రెంటికి నడుమ గీత ఎక్కడ?

"జరిగినదైతే చెప్పుము, జరగనిదైతే విడువుము" అని మనలో అనేకులు వెంటనే అందురు. ఆ మాట మంచిదే గాని అది మాత్రమే చాలదు. మన ప్రభువు చెప్పిన ఉపమానములలోని మనుష్యుల పేరును ఊరును వెదకి, వారు నిజముగా జీవించిరా అని ఎవరును అడుగరు. మరియు జరిగిన సంగతినే చెప్పి పొరుగువాని పరువు తీయువారు మన మధ్యను ఉన్నారు. కాబట్టి "ఇది జరిగెనా?" అను ప్రశ్న ప్రక్కన ఇంకొక ప్రశ్నను పెట్టవలసియున్నది. ఆ ప్రశ్న ఏమో వెదకుటకై చదువరులను ఒక దూరదేశపు పల్లెప్రాంతమునకు తీసికొనిపోవుదును. మన సొంత ఊరి కథలమీద మనకు అభిమానమో కోపమో ముందే ఉండును. పరుల ఊరి కథలనైతే నిదానముగా తూచగలము.

ఐర్లండు దేశపు దక్షిణ భాగములో టిప్పరేరీ అను జిల్లా కలదు. అది పచ్చిక బీళ్లకు, పాడి పశువులకు పేరుపొందిన నేల. ఆ జిల్లా ఆగ్నేయ దిక్కున స్లీవ్‌నమన్ అను కొండ 721 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. ఆ పేరునకు స్త్రీల కొండ అని అర్థము. ఫిన్ అను పూర్వకాలపు వీరుడు కొండమీద కూర్చుండి, పరుగెత్తి తన యొద్దకు మొదట చేరిన స్త్రీని పెండ్లాడుదునని చెప్పెనట. అయితే తాను కోరిన గ్రాన్యా అను ఆమెను ఎవరికిని తెలియకుండ ముందే పైకి చేర్చెనని కొందరు చెప్పుదురు. తక్కిన స్త్రీలు ఊపిరి ఆగునట్లు పరుగెత్తినది వ్యర్థమేగదా అని ఆ కథ వినువారు నవ్వుకొందురు.

ఇట్టి కథలు ఆ దేశములో ప్రతి గుట్టకు, ప్రతి బావికి ఉన్నవి. 1937 మొదలుకొని 1939 వరకు అక్కడ ఒక మంచి పని జరిగెను. సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు తమ తలిదండ్రులను, అవ్వతాతలను, ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి, తమ ఊరి కథలను నోటుపుస్తకములలో వ్రాసిరి. అవన్నియు చేరి సుమారు 7,40,000 పుటలైనవి. నేటికిని అవి భద్రముగా ఉన్నవి. చదువురాని అవ్వ నోటిమాటను పిల్లవాని చేతివ్రాతలో నిలిపిన ఆ ఉపాధ్యాయుల పనిని మనము మెచ్చుకొనవలెను. అయితే ఆ పుటలలో ఉన్న కథలన్నియు ఒక్క తూకము గలవి కావు.

మొదట తేలికైన కథను చూతము. టిప్పరేరీ జిల్లాలో కాషెల్ అను పట్టణమున మైదానము మధ్య ఒక పెద్ద బండ లేచియున్నది. దానిమీద పూర్వము రాజుల కోట ఉండెను. 1101లో ఒక రాజు దానిని సంఘమునకు దానమిచ్చెను. 1134లో ప్రతిష్ఠింపబడిన రాతిగుడి ఇప్పటికిని అక్కడ నిలిచియున్నది. ఆ బండ అక్కడికి ఎట్లు వచ్చెనని అడిగితే ఊరివారు చెప్పునది ఇది: ఉత్తరముగా కనబడు కొండ నెత్తిన గండి ఒకటి ఉన్నది. సాతాను కోపముతో ఆ కొండను కొరికి, ఆ ముక్కను మింగలేక కాషెలులో ఉమ్మివేసెనట. అందుచేతనే ఆ కొండకు సాతాను కాటు అని పేరు కలిగెను. రాళ్లను ఎరిగినవారు వెంటనే దీనిని త్రోసివేయుదురు. ఏలయనగా ఆ కొండ ఇసుకరాయి, కాషెల్ బండ సున్నపురాయి. ఒకదాని ముక్క మరియొకటి కాజాలదు. ఈ సంగతి తెలిసిన తరువాత కూడ అక్కడివారు కథను చెప్పుచునే ఉన్నారు, పిల్లలు నవ్వుచునే ఉన్నారు. దీనివలన ఎవని ఇల్లు కూలెను? ఎవరు ఏడ్చిరి? ఎవరును లేరు. ఇది అబద్ధ సాక్ష్యము కాదు. చెప్పువాడు న్యాయసభలో ప్రమాణము చేయుటలేదు, వినువాడు దానిని నమ్మి పొరుగువానిమీద చేయి ఎత్తుటలేదు. ఆ కథకు వెల లేదు.

రెండవ కథ అదే బండమీదిది. ఇది కొంత బరువైనది. ఐర్లండునకు సువార్త తెచ్చిన పాట్రిక్ భక్తుడు కాషెలు రాజైన ఏంగస్‌కు బాప్తిస్మమిచ్చుచుండగా, ఆయన చేతికఱ్ఱ కొన ఎరుగకయే రాజు పాదములో దిగబడెనట. రాజు కిక్కురుమనలేదు. నెత్తురు చూచి పాట్రిక్ వెరగుపడి, ఎందుకు చెప్పలేదని అడుగగా, ఇదియు ఆచారములో ఒక భాగమేమో అనుకొంటినని రాజు జవాబిచ్చెనట. ఈ కథను అనేకులు ఓర్పునకు మాదిరిగా చెప్పుదురు. క్రీస్తును వెంబడించుటలో నొప్పి ఉండునని నేర్పుటకు ఇది తగినదే.

అయినను ఈ కథయొద్ద కొంచెము ఆగవలెను. పాట్రిక్ స్వహస్తముతో వ్రాసిన రెండు పత్రికలు మనకు దొరికియున్నవి. వాటిలో కాషెలు మాట లేదు. ఆ కథ అతడు మరణించిన ఎన్నో శతాబ్దములకు వ్రాయబడిన జీవితచరిత్రలోనిది. ఆ రెండు పత్రికలలో ఒకటి కొరోటికస్ అను నాయకుని సైనికులకు వ్రాసినది. ఆ సైనికులు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిని కొందరిని చంపి, కొందరిని బానిసలుగా పట్టుకొనిపోయిరి. తానే 16 సంవత్సరముల ప్రాయమున బానిసగా అమ్మబడినవాడు గనుక పాట్రిక్ ఆ బాధను ఎరుగును. తన మందకు తగిలిన దెబ్బకు అతడు ఆ పత్రికలో కాపరివలె దుఃఖించి, బలవంతుని గద్దించెను. కథలోని రాజు నోరు మూసికొని ఓర్చెను. చరిత్రలోని కాపరి నోరు తెరచి గాయపడినవారి పక్షమున మాటలాడెను. ఈ రెంటిని కలిపి చెప్పినయెడల కథ మేలు చేయును. మొదటిదే చెప్పి, "కాపరి కఱ్ఱ గ్రుచ్చుకొనినను మాటలాడవద్దు" అని బలహీనులకు బోధించినయెడల, చెప్పువాడు చెప్పిన ఓర్పునకు వెల వినువాడు చెల్లించును. మన సంఘములలోను ఇట్టి బోధ ఉన్నదేమో పెద్దలు పరీక్షించుకొందురుగాక.

ఇప్పుడు మూడవదానికి వచ్చుచున్నాను. ఐర్లండు పొలములలో గుండ్రని మట్టికట్టలు ఎన్నో కనబడును. ఇట్టివి 40,000కు పైగా లెక్కింపబడినవి. వేయి సంవత్సరములకు పూర్వము రైతులు తమ ఇండ్ల చుట్టు, పశువుల చుట్టు కట్టుకొనిన ప్రాకారములే అవి. కాలక్రమమున ఆ సంగతి మరచిపోయి, వాటిలో కంటికి కనబడని ఒక జాతి నివసించునని జనులు చెప్పుకొనిరి. ఆ జాతికి కోపము వచ్చునేమోయని వారిని "మంచివారు" అని పిలుచుచుండిరి. ఆ కట్టలమీదగాని, పొలము మధ్య ఒంటరిగా నిలిచిన హాథార్న్ అను ముళ్లచెట్టుమీదగాని గొడ్డలి పెట్టినవానికి కీడు కలుగునని నమ్మిరి.

ఈ భయము మూఢనమ్మకమేగదా అని మనము ఒక్క మాటతో త్రోసివేయవచ్చును. అయితే ఆ భయమువలననే ఆ మట్టికోటలు వేలకొలది నేటివరకు నాగలికి చిక్కక నిలిచినవి. వాటిని త్రవ్వి చూచి చరిత్రకారులు పూర్వికుల జీవితమును తెలిసికొనుచున్నారు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి గమనించుడి. తన పొలములో నాలుగు సెంట్ల నేలను దున్నక విడిచిపెట్టిన రైతు తన పంటనే పోగొట్టుకొనెను. తన నమ్మకమునకు తానే వెల చెల్లించెను. అతని నమ్మకము తప్పైనను అతని చేతులకు ఎవరి రక్తమును అంటలేదు.

అయితే అదే నమ్మకము, అదే ప్రాంతములో, వేరొక ఇంటిలో ఏమి చేసెనో వినుడి.

స్లీవ్‌నమన్ కొండకు చేరువనున్న బల్లీవాడ్లీ అను చోట బ్రిజెట్ క్లియరీ అను స్త్రీ నివసించుచుండెను. ఆమె కుట్టుపనిలో నేర్పరి. కోళ్లను పెంచి గ్రుడ్లు అమ్ముచుండెను. ఆమె భర్త మైకేల్ పీపాలు చేయువాడు. 1895 మార్చి నెలలో, చలిలో నడచి వచ్చిన తరువాత ఆమెకు జబ్బు చేసెను. ఆమె వెళ్లిన త్రోవ కైలెనగ్రానా అను గుట్ట వైపునకు. అక్కడ ఒక మట్టికోట ఉన్నది. జబ్బు తగ్గకపోగా, "ఈమె నా భార్య కాదు, నా భార్యను ఆ కోటవారు ఎత్తుకొనిపోయి, ఆమె స్థానమున ఈ మారురూపును ఉంచిరి" అను తలంపు భర్త మనస్సులో నాటుకొనెను. వైద్యుడు వచ్చి మందు ఇచ్చెను. పాదిరి వచ్చి ప్రార్థన చేసెను. అయినను భర్త నాటువైద్యుని ఆకుపసరునే ఎక్కువగా నమ్మెను. బంధువులు ఆమెను మంచముమీద అదిమిపట్టి దానిని బలవంతముగా త్రాగించిరి. ఆమె బ్రిజెట్టేనా అని దేవుని నామమున మాటిమాటికి అడిగిరి. మార్చి 15వ తేది రాత్రి ఆమె తన ఇంటి పొయ్యియొద్దనే, బంధువుల కన్నులయెదుటనే, భర్త చేతులలో కాలి మరణించెను. ఆమెకు సుమారు 26 సంవత్సరములు. ఒక వారము గడచిన తరువాత రక్షకభటులు ఆమె దేహమును పూడ్చిన గుంటలో కనుగొనిరి. ఈలోగా భర్త, తన నిజమైన భార్య తెల్లగుఱ్ఱమెక్కి కోటనుండి వెలుపలికి వచ్చునని రాత్రులు ఆ గుట్టయొద్ద కాచుకొనియుండెను. ఆమె రాలేదు. అదే సంవత్సరము జూలై నెలలో క్లాన్‌మెల్ పట్టణపు న్యాయస్థానము అతనికి 20 సంవత్సరముల శిక్ష విధించెను. అతడు 1910లో విడుదలయ్యెను.

ఇట్టి పని చేయుటకు అతనికి దారి చూపినది ఏది? పొయ్యి చుట్టు కూర్చుండి పెద్దలు చెప్పు కథలే. ఆ కథలలో మారురూపునకు మంట చూపగానే అది పారిపోవును, నిజమైన మనిషి తిరిగి వచ్చును. ఆ కథలో చిక్కుకొనినవారు తప్పించుకొను మార్గము లేదు. "నేనే బ్రిజెట్‌ను" అని ఆమె చెప్పినయెడల, మారురూపు మోసము చేయుచున్నదందురు. చెప్పనియెడల, దొరికిపోయినదందురు. దేవుని నామమున అడిగినను, ఆమె ఇచ్చు జవాబును వినుటకు అక్కడ చెవి లేదు. దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరించుట అనగా తిట్టుకొనుట మాత్రమేయని మనము అనుకొందుము. నిరపరాధిని బాధించుచు ఆ నామమును పలుకుట అంతకంటె ఘోరము కాదా?

నేను వెదకిన ప్రశ్న ఇక్కడ దొరికినది. రైతు నమ్మినది ఆ కథయే; మైకేల్ క్లియరీ నమ్మినదియు ఆ కథయే. రైతు తన పంటనుండి వెల చెల్లించెను. మైకేల్ తన భార్య దేహమునుండి చెల్లింపజేసెను. కాబట్టి ఏ కథనైనను, ఏ ఆచారమునైనను ఎదుర్కొనునప్పుడు "ఇది జరిగెనా?" అని అడిగిన తరువాత, "దీని వెల ఎవరు చెల్లించుచున్నారు?" అని కూడ అడుగవలెను.

ఆ దినములలో ఇంగ్లండు పత్రికలు కొన్ని ఈ సంగతిని పట్టుకొని, ఐర్లండువారందరు అనాగరికులని, వారు తమ్మును తాము పరిపాలించుకొనుటకు తగరని ఎగతాళి చేసెను. ఒక ఇంటి పాపమునకు ఒక జాతియంతయు వెల చెల్లించునట్లు చేయుటయు అబద్ధమైన కథయే. చదువుకొనినవారు చెప్పినంతమాత్రమున అది నిజము కాదు. బాణామతి, చేతబడి అను నింద మోపి వృద్ధులను, విధవరాండ్రను కొట్టిన వార్తలు మన పల్లెలకును క్రొత్తవి కావు. గనుక ఐర్లండును చూచి మనము తల పంకించనక్కరలేదు.

ఇంకొక సంగతి చెప్పి ముగించెదను. ఇది చెప్పుటకు కష్టమైనది, ఏలయనగా ఇక్కడ తప్పు పొయ్యియొద్ద పుట్టిన కథది కాదు, సంఘపు బోధది. బాప్తిస్మము పొందకమునుపే చనిపోయిన శిశువులకు పరలోకములో చోటు లేదని, వారిని ప్రతిష్ఠింపబడిన నేలలో పాతిపెట్టరాదని ఆ దేశపు సంఘము చాలకాలము కట్టడ చేసెను. అందుచేత చచ్చి పుట్టిన బిడ్డను, పుట్టి ఒక్క గడియ బ్రదికిన బిడ్డను తండ్రి చిన్న పెట్టెలో పెట్టుకొని, రాత్రివేళ తానొక్కడే మోసికొనిపోయి, ఊరి పొలిమేరలోనో, పాడుపడిన గుడి ప్రక్కనో, ఆ మట్టికోటలలోనో పాతిపెట్టుచుండెను. పాట లేదు, ప్రార్థన లేదు, పేరు వ్రాసిన రాయి లేదు. కొన్నిచోట్ల తెల్లని పలుగురాళ్లు మాత్రము గుర్తుగా పెట్టిరి. ఈ స్థలములను కిల్లీన్ అందురు. వేయికి పైగా ఇట్టివి ఆ దేశములో గుర్తింపబడినవి. గడచిన శతాబ్దపు మధ్యకాలము వరకు ఈ ఆచారము నిలిచియుండెను. ఆ కట్టడకు వెల చెల్లించినది దానిని వ్రాసిన పండితులు కారు. ఇంట బాలింత మంచముమీద పడుకొని, భర్త ఏ దిక్కునకు పోయెనో అడుగలేకపోయిన తల్లి చెల్లించెను.

ఇక్కడ ఆశ్చర్యమైనది ఏమనగా, గుడి దొడ్డిలో చోటు దొరకని ఆ బిడ్డలను ముళ్లచెట్టు కాపాడెను. ఆ స్థలమును త్రొక్కరాదు, దున్నరాదు అని ఊరివారు చెప్పుకొనిన కథవలన ఆ పసిఎముకలమీద నాగలి నడువలేదు. పండితులు మరచినవారిని పామరుల భయము జ్ఞాపకముంచుకొనెను. చిన్నబిడ్డలను తనయొద్దకు రానియ్యని శిష్యులమీద ప్రభువు కోపపడెనని మార్కు వ్రాసియున్నాడు. ఆ బిడ్డలను ఆయన ఎత్తి కౌగిలించుకొనెను. వారికి బాప్తిస్మము కలిగెనా లేదా అని అడిగినట్లు ఎక్కడను లేదు. తన శిశువు చనిపోయినప్పుడు దావీదు లేచి, స్నానము చేసి, దేవుని మందిరమునకు పోయి, నేను వానియొద్దకు పోవుదునను నిరీక్షణతో మాటలాడెను. ఈ వాక్యములు ఆ దేశములోను ఉండెను. అయినను చదువుటకు ఎంతో కాలము పట్టెను. 2007లో రోమను సంఘపు వేదపండితుల మండలి, అట్టి శిశువుల రక్షణను గూర్చి నిరీక్షించుటకు తగిన ఆధారమున్నదని ఒక పత్రమును ప్రకటించెను. ఇటీవలి దశాబ్దములలో ఐర్లండులో అనేకచోట్ల పాదిరులు, జనులు కలిసి ఆ స్థలములకు పోయి, ప్రార్థన చేసి, జ్ఞాపకార్థపు రాళ్లను నిలిపిరి. గిల్గాలులోవలె, ఇక పిల్లలు ఆ రాళ్లను గూర్చి అడుగగలరు. పెద్దలు సిగ్గుపడియైనను నిజము చెప్పగలరు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ ఊరి కథలను విడిచిపెట్టుడని నేను చెప్పుటలేదు. మీ అవ్వ చెప్పిన సంగతిని మీ మనుమలకు చెప్పుడి. నవ్వించు కథను నవ్వుచునే చెప్పుడి. అయితే కథను సాక్ష్యముగా నిలువబెట్టి ఒకనిమీద నేరము మోపవద్దు. జబ్బుపడినవారిని గూర్చి ఇంటిలో గుసగుసలు బయలుదేరినప్పుడు మొదట లేచి "వద్దు" అను నోరు విశ్వాసిదై యుండవలెను. ఆ రాత్రి బల్లీవాడ్లీలో ఆ ఇల్లు మనుష్యులతో నిండియుండెను. వారిలో ఒక్కడైనను గట్టిగా నిలిచి తలుపు తీసి కేక వేసినయెడల ఆమె బ్రదికియుండునేమో.

సంఘ పెద్దలారా, మీకును ఒక మాట. మీ సమాధుల తోటలో చోటు లేదనబడినవారెవరు? బిడ్డను పోగొట్టుకొని మూలను కూర్చున్న తల్లికి మీరు ఏమి చెప్పి పంపితిరి? వచ్చే ఆదివారము ఆరాధనకు ముందే ఆమె ఇంటికి పోయి, ఆ బిడ్డకు ఏ పేరు పెట్టదలచితివమ్మా అని అడుగుడి. ఆమె చెప్పిన పేరును ప్రార్థనలో పలుకుడి.